కెప్టెన్ కావాలంటే ఏ దేశం పాస్‌పోర్టు ఉండాలి?

నేను విశాఖవాడిని, చీఫ్ మేట్‌ని, అంటే ఓడలో కెప్టెన్ తర్వాతి డెక్ ఆఫీసర్‌ని. పనిచేసేది లైబీరియా జెండా ఓడల్లో, అంటే లైబీరియాలో రిజిస్టరైన ఓడల్లో. నా సీఓసీ (ఆఫీసర్‌గా పనిచేసే అర్హత సర్టిఫికెట్) మన దేశం ఇచ్చింది. దాన్ని గుర్తిస్తూ లైబీరియా ఇచ్చిన ఎండార్స్‌మెంట్ కూడా ఫైల్లో ఉంటుంది. అది చేతికి రాకపోతే, దరఖాస్తు పెట్టినట్టు రుజువు చూపించి మూడు నెలల వరకే పనిచేయొచ్చు. నావికుల శిక్షణ, సర్టిఫికెట్ల మీద దేశాలన్నీ కుదుర్చుకున్న ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందం అడిగేవి: వయసు, ఆరోగ్యం, చదువు, సీ టైమ్ (ఓడలో పనిచేసిన కాలం), పరీక్ష. ఏ దేశం వాడివని అది అడగదు.

అడిగేవి ప్రభుత్వాలు. అమెరికా జెండా ఓడలో కెప్టెన్, చీఫ్ ఇంజనీర్, వాచ్ (ఓడలో డ్యూటీ వంతు) చూసే ఆఫీసర్లు అమెరికా పౌరులే అయ్యుండాలి. స్పెయిన్‌లో ఈ గొడవ యూరోపియన్ యూనియన్ (ఈయూ) కోర్టు దాకా వెళ్లింది. సముద్రం మీద కెప్టెన్ ప్రభుత్వ ప్రతినిధి లాంటివాడని, నేరం చేసినవాణ్ణి నిర్బంధించగలడని, పుట్టుకలు, చావులు నమోదు చేయగలడని, అందుకే ఆ ఉద్యోగం స్వదేశీయులకే ఇవ్వాలని ప్రభుత్వం వాదన. 2003 సెప్టెంబర్ 30న కోర్టు తేల్చి చెప్పింది: ఆ అధికారాలు నిజమే, కానీ ఎప్పుడో ఒకసారి వాడే వాటి పేరుతో మిగతా ఈయూ పౌరులకు ఉద్యోగం లేదనడానికి వీల్లేదు. ఫ్రాన్స్ 2008లో చట్టం మార్చింది. ఈయూ దేశాలవాళ్లు ఎవరైనా కెప్టెన్ కావచ్చు, ఫ్రెంచ్ భాష, ఫ్రెంచ్ చట్టం వచ్చని మాత్రం నిరూపించుకోవాలి.

ఆ షరతు నాకు న్యాయంగానే అనిపిస్తుంది. కెప్టెన్‌కి ఆ జెండా చట్టం తెలియాల్సిందే. నా బాధల్లా ఆ పరీక్ష రాసే అవకాశం మనకి లేకపోవడమే. మేట్స్ ఓరల్స్‌లో (సర్టిఫికెట్ కోసం నోటితో జవాబు చెప్పే పరీక్షలో) ఎగ్జామినర్ టేబుల్ మీద బుల్లి ఓడ బొమ్మలు పెట్టి, "పొగమంచు, ఎదురుగా ఓ ఓడ రాడార్‌లో మాత్రమే కనిపిస్తోంది, ఏం చేస్తావ్?" అంటాడు. వీలైనంతవరకు ఎడమకి తిప్పకూడదు. తిప్పుతానంటే అంతే, ఇంటికి పొమ్మంటాడు. చెన్నైలో అడిగినా, ఇంకెక్కడ అడిగినా జవాబు ఒకటే. ఆ జవాబు సరిగ్గా చెప్పినవాడికి చట్టం పేపర్ కూడా పెట్టి చూడొచ్చు కదా?

కొత్తగా జాయినయ్యే తమ్ముళ్లూ, ఆఫర్ లెటర్‌లో జీతం, ర్యాంకుతో పాటు జెండా కూడా చూసుకోండి. ఆ జెండా మీద మన పాస్‌పోర్టుతో ఏ ర్యాంకు దాకా వెళ్లొచ్చో సంతకం పెట్టేముందే కంపెనీని అడగండి.