కినబటంగాన్ నది మీద గూళ్ల లెక్క

బోర్నియో దీవిలో, మలేసియాకు చెందిన సబా రాష్ట్రంలో, సండకాన్ నుంచి కినబటంగాన్ నది ఒడ్డున ఉన్న సుకావు ఊరికి వెళ్లే దారంతా ఆయిల్ పామ్ తోటలే. బోర్నియో అంటే కారడవి అనుకుని వచ్చినవారికి వ్యాను కిటికీలోంచి గంటల తరబడి కనిపించేది ఈ ఒక్క చెట్టే. ఏలూరు, అశ్వారావుపేట వైపు తిరిగినవారికి దాన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు.

మధ్యలో సెపిలోక్‌లో ఆగాం. తల్లిని పోగొట్టుకున్న ఒరాంగుటాన్ (చెట్ల మీద బతికే పెద్ద వానరం) పిల్లలను సాకి అడవికి పంపే కేంద్రం అది, 1964 నుంచీ ఉంది. పండ్లు పెట్టే వేళకు చేరుకున్నాం, ఫోటోలు బాగానే వచ్చాయి. చుట్టూ మూగిన జనాన్ని చూస్తే ఈ జంతువుకు వచ్చిన కష్టమేమీ లేదనిపిస్తుంది.

నదిలో పడవ ఎక్కాక మాత్రం గైడు ముందుగా చూపించింది జంతువును కాదు, గూడును. ఒరాంగుటాన్ దాదాపు ప్రతి రాత్రీ కొమ్మలు వంచి కొత్త పక్క అమర్చుకుంటుంది. అడవిలో దాన్ని చూడటమే అరుదు కాబట్టి, గణన చేసేవారు ఈ గూళ్లనే లెక్కపెడతారు. సబాలో హెలికాప్టర్ల నుంచి కూడా లెక్కించారు. గూడు ఎన్నాళ్లకు శిథిలమవుతుందో తెలిస్తేనే జంతువుల సంఖ్య తేలుతుంది. అందువల్ల అంకెలన్నీ అంచనాలే. అయినా తగ్గుదల ఏమాత్రం చిన్నది కాదు: 1999, 2015 మధ్య బోర్నియోలో లక్షకు పైగా ఒరాంగుటాన్లు తగ్గిపోయాయని 2018లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తోటల కోసం అడవి నరికిన చోటే కాదు, అడవి మిగిలి ఉన్న చోట కూడా వేట వల్ల ఎన్నో పోయాయట. నాకు ఎక్కువ దిగులు పుట్టించింది ఈ రెండో మాటే. ఏడెనిమిదేళ్లకు ఒక్క పిల్లను కనే జంతువు అలాంటి నష్టాన్ని ఎలా పూడ్చుకుంటుంది? సుమత్రాలో, 2017లో వేరే జాతిగా గుర్తించిన తపనూలి ఒరాంగుటాన్లయితే ఎనిమిది వందలకు మించి లేవు.

ఒడ్డున అడవి చాలాచోట్ల సన్నని పట్టీ మాత్రమే, దాని వెనక మళ్లీ తోట. ఒరాంగుటాన్లకు ఈత రాదు. పూర్వం వాగుల మీదికి ఒరిగిన మహావృక్షాల కొమ్మలు పట్టుకుని దాటేవి. ఆ చెట్లు కలపకు పోయాయి. ఇప్పుడు అగ్నిమాపక దళం వాడి పారేసిన గొట్టాలతో అక్కడక్కడా వంతెనలు కట్టారు.

సాయంత్రం ఒక మర్రిజాతి చెట్టు మీద తల్లీబిడ్డా కనిపించాయి. గైడు ఇంజన్ ఆపాడు. తల్లి పండ్లు తింటూ మా వైపు ఒకసారి చూసి, మళ్లీ తిండిలో పడింది.

తిరిగి వస్తుంటే, మాది ఇండియా అని విని, "మా పామాయిల్ మీరే కదా బాగా కొనేది" అన్నాడు గైడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాళ్లన్నయ్య జీతం వచ్చేది తోట నుంచేనట.