ఏటీలియెన్స్‌ను అట్లాంటా విన్న తీరు

అట్లాంటాలో ఒలింపిక్ క్రీడలు 1996 ఆగస్టు 4న ముగిశాయి. విదేశీ అతిథులు తిరిగి వెళ్ళిపోయి మూడు వారాలు గడిచాక, సెంటెనియల్ ఒలింపిక్ పార్కులో జూలై 27న పేలిన బాంబు తాలూకు గాయం ఊరికి ఇంకా పచ్చిగానే ఉన్న రోజుల్లో, ఆగస్టు 27న, అదే ఊరి నైరుతి పేటల్లో పాట నేర్చుకున్న ఇద్దరు ఇరవయ్యొక్కేళ్ళ యువకులు తమ రెండో ఆల్బమ్‌ను విడుదల చేశారు. ఆ ర్యాప్ జంట పేరు ఔట్‌కాస్ట్. వారిలో ఒకరు ఆంద్రే బెంజమిన్, రెండవవారు బిగ్ బాయ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఆంట్వాన్ ప్యాటన్. ఆల్బమ్ పేరు ‘ఏటీలియెన్స్’. ఊరివాళ్ళు అట్లాంటాను వాడుకగా పిలుచుకునే ఏటీఎల్ అనే మూడక్షరాలకు గ్రహాంతరవాసులనే అర్థమున్న ఏలియెన్స్‌ను జోడించి అల్లిన మాట అది.

నేను ఈ ఊరి ఉత్తర శివారులో, తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన కమ్మింగ్ వైపు ఉంటాను. మాలో చాలామందికి ఊరి దక్షిణ భాగమంటే విమానాశ్రయానికి వెళ్ళే దారి మాత్రమే. మార్టా రైలులో లేక్‌వుడ్, ఈస్ట్ పాయింట్, కాలేజ్ పార్క్ అని స్టేషన్ల పేర్లు వినిపిస్తూ ఉంటే సూట్‌కేసులు సర్దుకోవడం తప్ప, ఆ పేర్లలో ఒక సంగీతం పుట్టిందన్న స్పృహ నాకూ చాలాకాలం లేదు. అది కలిగించినవారు ఈస్ట్ పాయింట్‌లో పుట్టి పెరిగిన నా సహోద్యోగి. ఔట్‌కాస్ట్ మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు ఆయనకు పదమూడేళ్ళు, రెండోది వచ్చినప్పుడు పదిహేనేళ్ళు. ఆ రెండేళ్ళ తేడాలో ఆయన చూసినదీ, ఆయన మిత్రబృందం తమలో తాము వాదించుకున్నదీ విన్న తరువాతే నేను ఆ పాటలను సరిగ్గా వినడం మొదలుపెట్టాను.

మన సినిమా రంగంలో ద్వితీయ విఘ్నం అనే మాట ఒకటి ఉంది. మొదటి చిత్రంతో గెలిచిన దర్శకుడు రెండో చిత్రంతో తడబడినప్పుడల్లా ఆ మాట వినిపిస్తుంది. ర్యాప్ సంగీతంలో ఆ విఘ్నం మరింత గట్టిది, ఎందుకంటే మొదటి ఆల్బమ్ వెనుక గాయకుడు పుట్టినప్పటి నుంచీ పోగైన అనుభవమంతా ఉంటే, రెండోదాని వెనుక ఒకటి రెండేళ్ళ ప్రయాణాలూ హోటల్ గదులూ కచేరీలూ మాత్రమే ఉంటాయి. పైగా అభిమాని తాను మొదటిసారి విన్నదానినే మళ్ళీ వినాలని కోరుకుంటాడు.

ఇక్కడ అభిమానులు కోరుకున్నది ఏమిటో తెలియాలంటే 1994 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి ఆల్బమ్ గురించి కొంత చెప్పాలి. ‘సదర్న్‌ప్లేయలిస్టిక్‌క్యాడిలాక్‌మ్యూజిక్’ అన్న గుక్క తిప్పుకోనివ్వని పేరు దానిది. రికో వేడ్, రే మర్రీ, స్లీపీ బ్రౌన్ అనే ముగ్గురు, ఆర్గనైజ్డ్ నోయిజ్ పేరుతో, దానికి సంగీతం సమకూర్చారు. వారి సాధనాస్థలం రికో వేడ్ తల్లిగారి ఇంటి నేలమాళిగ. గచ్చు కూడా సరిగా లేని, ఎర్రమట్టి కనిపించే ఆ గదిని వాళ్ళు డంజన్ అని పిలుచుకున్నారు. నిజమైన బేస్ గిటార్, కీబోర్డులు, నింపాదిగా సాగే తాళం, క్యాడిలాక్ కార్లు, పేటలోని దొరబాబుల హోదా, ఆ హోదా వెనుక ఉన్న లేమి, ఇవన్నీ కలిసిన సంగీతం అది. నా సహోద్యోగి చెప్పినదాని ప్రకారం, ఆ పేటలో ఒక ఆల్బమ్ విలువను ఇంట్లో కూర్చుని తేల్చేవారు కాదట. కారు డిక్కీలో అమర్చిన పెద్ద స్పీకర్లలో క్యాసెట్ పెట్టి, నంబరు ప్లేటు కంపించేలా వీధులన్నీ తిరిగి వచ్చాక గానీ ఎవరూ తీర్పు చెప్పేవారు కాదట.

ఆ తరువాత న్యూయార్క్ సంఘటన జరిగింది. 1995 ఆగస్టు 3న సోర్స్ అనే ర్యాప్ సంగీత పత్రిక పురస్కారాల సభలో ఔట్‌కాస్ట్‌ను ఉత్తమ నూతన ర్యాప్ బృందంగా ప్రకటించినప్పుడు సభలో చాలామంది ఎగతాళిగా అరిచారు. ఆ రాత్రి ఆ హాలు తూర్పు తీరపు న్యూయార్క్ ర్యాపర్లు, పశ్చిమ తీరపు కాలిఫోర్నియా ర్యాపర్లు అని రెండుగా చీలిపోయి ఉంది. దక్షిణాది వాళ్ళకు అక్కడ స్థానమే లేదు. ఆంద్రే మైకు ముందు నిలబడి దక్షిణాదికి చెప్పవలసింది ఉందని ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు. తెలంగాణ యాసను సినిమాల్లో చాలాకాలం హాస్యపాత్రలకో ప్రతినాయకులకో మాత్రమే ఇచ్చిన సంగతి ఎరిగిన మనకు, యాసను బట్టి మనిషిని తక్కువ చేసే ఆ అరుపుల బరువు ఎంతో విడమరచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి 1996లో అట్లాంటా అభిమాని ఎదురుచూసింది ఒక ప్రతీకారం కోసం. మొదటి ఆల్బమ్‌ను మించిన గర్జన వస్తుందనీ, ఆ సభలో అరిచినవాళ్ళ నోళ్ళు మూయిస్తుందనీ అందరూ అనుకున్నారట. వచ్చింది మాత్రం నెమ్మదైన, ప్రతిధ్వనులతో నిండిన, రాత్రివేళ ఖాళీ రోడ్డు లాంటి సంగీతం. మొదటి ఆల్బమ్ మీద వచ్చిన డబ్బుతో ఆ ఇద్దరూ పరికరాలు కొనుక్కుని, మిస్టర్ డీజే అనే మిత్రుడితో కలిసి బాణీలు కట్టడం నేర్చుకున్నారు. ‘ఎలివేటర్స్’, శీర్షికా గీతం వంటి కొన్నింటిని వాళ్ళే స్వయంగా కట్టారు. చివర్లో వచ్చే ‘ఈ.టీ.’ అనే పాటలో అసలు డ్రమ్సే లేవు. డిక్కీలో స్పీకర్లు బిగించుకున్న పదిహేనేళ్ళ కుర్రవాడికి డ్రమ్స్ లేని ర్యాప్ పాటను ఇవ్వడం ఎంత సాహసమో ఆలోచించండి. నా సహోద్యోగి ఆ పాట వచ్చినప్పుడు క్యాసెట్ పాడైందేమోనని బయటకు తీసి చూశారట. రెండు వారాల పాటు దాన్ని పక్కన పడేసి, మళ్ళీ పాతదాన్నే విన్నారట.

ఇక వేషం సంగతి. మొదటి ఆల్బమ్ నాటి ఫోటోల్లో బేస్‌బాల్ టోపీ, జెర్సీ వేసుకుని పక్కింటి కుర్రవాడిలా కనిపించిన ఆంద్రే ఇప్పుడు తలపాగా చుట్టుకున్నాడు, గంజాయి, మద్యం మానేశాడు, శాకాహారి అయ్యాడు. సంకేతం స్పష్టంగా అందాలంటే మత్తు ఉండకూడదని శీర్షికా గీతంలోనే చెప్పాడు. దాంతో ఊళ్ళో రకరకాల మాటలు పుట్టాయి. అతను ఏదో మతబృందంలో చేరాడని కొందరు, మాదకద్రవ్యాల వల్ల మతి చలించిందని కొందరు, జంట విడిపోవడం ఖాయమని మరికొందరు అనుకున్నారు. మందు మానేసినవాడికి మత్తు అంటగట్టడం ఎంత అన్యాయమో నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నా సహోద్యోగి ఆ రోజుల్లో తానూ ఆ మాటలు మోసినవారిలో ఒకడినని దాచకుండా చెప్పారు.

అంకెలు చూస్తే ఈ సందిగ్ధం కనిపించదు. ఆల్బమ్ అమెరికాలో అమ్మకాలను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో నేరుగా 2వ స్థానంలో అడుగుపెట్టింది, ‘ఎలివేటర్స్’ పాట దేశవ్యాప్త జాబితాలో 12వ స్థానం దాకా వెళ్ళింది, కాలక్రమంలో ఆల్బమ్ 20 లక్షల ప్రతుల ధ్రువీకరణ పొందింది. కానీ కొన్నవాళ్ళందరూ మొదటి రోజే ప్రేమించారని అంకెలు చెప్పలేవు. కొని, నిరాశపడి, అయినా పారేయకుండా మళ్ళీ మళ్ళీ విని, మెల్లగా దారికొచ్చిన అభిమానుల కథ అంకెల వెనుక ఉండిపోతుంది. నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఆ కథే.

నా సహోద్యోగిని దారికి తెచ్చింది ‘ఎలివేటర్స్’. పాట మొదట్లోనే హెడ్‌ల్యాండ్, డెలో వీధుల కూడలి పేరు వస్తుంది. అది ఈస్ట్ పాయింట్‌లో ఆయన రోజూ దాటే కూడలి. మార్టాలో పేట మీదుగా తిరిగిన రోజుల ప్రస్తావనా వస్తుంది. న్యూయార్క్ వీధుల పేర్లు కంఠస్థమైన పిల్లవాడికి, తన వీధి పేరు దేశమంతా వినిపించే పాటలో వినడం ఎలాంటి అనుభవమో ఆయన చెబుతున్నప్పుడు ఇన్నేళ్ళ తరువాత కూడా గొంతులో ఆ సంతోషం పలికింది. ఆ తరువాత ఆయన ఆగి విన్నది చివరి చరణం, నన్ను అడిగితే ఆల్బమ్‌కంతటికీ ప్రాణం అదే. అందులో ఆంద్రేను ఒక అభిమాని షాపింగ్ మాల్‌లో ఆపుతాడు. బడిలో కలిసి చదువుకున్నాం గుర్తున్నానా అంటాడు, ఏ కారు నడుపుతున్నావంటాడు, ఇన్ని పాటలు పాడావు కదా, బాగా సంపాదించి ఉంటావంటాడు. ఆంద్రే కోపగించుకోడు. మామూలు మనిషికంటే అభిమానులు ఎక్కువే గానీ, ఉన్న డబ్బు వారాంతం దాకా రాదనీ, నువ్వు జీతం కోసం ఎదురుచూసినట్టే నేను తాళాన్ని నమ్ముకుని బతుకుతున్నాననీ, నీ పాదం కదలకపోతే నాకు కూడు లేదనీ, కాబట్టి మనిద్దరిదీ ఒకటే పరిస్థితి అనీ జవాబిస్తాడు.

అభిమానికీ కళాకారుడికీ ఉన్న సంబంధాన్ని ఇంత నిజాయితీగా చెప్పిన చరణం నాకు మరొకటి తెలియదు. అభిమాని ఊహించుకున్న వైభవాన్ని అతను కాదంటాడు, కానీ అభిమానిని తక్కువ చేయడు. తన తిండి అతని పాదం మీద ఆధారపడి ఉందని ఒప్పుకుంటూనే, అతని పాదానికి అలవాటైన తాళాన్ని మాత్రం మళ్ళీ వేయడు. వెనుక మోగుతున్న సంగీతం నెమ్మదిగా, చీకటిగా, నీటి లోపలి నుంచి వస్తున్నట్టుగా ఉంటుంది. తనకు కూడు పెట్టే వినేవాడిని అంతగా నమ్మి, అతను అడగనిదాన్ని అతని చేతిలో పెట్టడం ధైర్యమనే నేను అంటాను.

ఇక్కడ బిగ్ బాయ్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆల్బమ్ గురించి మాట్లాడేవారు తలపాగా దగ్గరే ఆగిపోతారు. ఆంద్రే అంత మారిపోతున్నప్పుడు, మారని గొంతుతో, వేగమూ స్పష్టతా తగ్గకుండా, పేటను విడవకుండా పక్కన నిలబడింది బిగ్ బాయే. పాత అభిమానికి ఈ కొత్త సంగీతంలో పట్టుకోవడానికి ఒక చేయి దొరికిందంటే అది ఆయన చరణాల వల్లే. ఆ రోజుల్లోనే ఆయన తండ్రి అయ్యాడు, ఆయన మాటల్లో కూడా మునుపు లేని బరువు వచ్చి చేరింది. ఒకరు మారి ఒకరు నిలిచిన ఈ పొందికే లేకపోతే ఆల్బమ్ గాలిలో తేలిపోయేదని నా నమ్మకం.

వదంతులకు జవాబు 1998లో, మూడో ఆల్బమ్ ‘అక్వెమినై’లో వచ్చింది. మతబృందమా, మత్తా, విడిపోతున్నారా అని జనం బిగ్ బాయ్‌ను అడిగే ప్రశ్నలన్నింటినీ ఆంద్రే తన చరణంలోనే వరుసగా వినిపించాడు. ఆ ఆల్బమ్ చివరి పాట ముగింపులో 1995 నాటి సభలో ఆంద్రే మాట్లాడిన మాటలనూ చేర్చారు. సోర్స్ పత్రిక ఆ ఆల్బమ్‌కు తన అత్యున్నత కొలమానమైన అయిదు మైకులు ఇచ్చింది. అప్పటికి ‘ఏటీలియెన్స్’ను మొదట అనుమానించిన కుర్రవాళ్ళే, మూడోది రెండోదానిలా లేదని ఫిర్యాదు చేశారట. ఇది చెప్పి నా సహోద్యోగి చాలాసేపు నవ్వారు.

మొదటి ఆల్బమ్‌కు ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా వాళ్ళు 2014 సెప్టెంబరులో సొంత ఊళ్ళో మూడు రాత్రులు కచేరీ చేశారు. వేదిక సెంటెనియల్ ఒలింపిక్ పార్కు. ఒక రాత్రికి నా సహోద్యోగి నన్నూ తీసుకువెళ్ళారు. నాకు అప్పటికి సగం మాటలు కూడా అర్థమయ్యేవి కావు. శీర్షికా గీతం మొదలయ్యాక, పల్లవిలో చేపలూ గ్రిట్సూ ఇష్టమైనవాళ్ళు చేతులెత్తండనే పిలుపు వచ్చింది. మొక్కజొన్న రవ్వను జారుగా ఉడికించి వెన్న వేసి తినే గ్రిట్స్ ఇక్కడివాళ్ళకు అమ్మమ్మల నాటి పలహారం. వేలాది చేతులు ఒక్కసారిగా లేచాయి, వేలాది గొంతులు దక్షిణాది యాసను సాగదీసి అవునని బదులిచ్చాయి. పదిహేనేళ్ళ వయసులో ఆ క్యాసెట్‌ను పక్కన పడేసిన మనిషి నా పక్కన కళ్ళు మూసుకుని, ఒక్క మాట తప్పకుండా, చివరిదాకా పాడారు.