ఏం కాలేదు అన్నాను

మొదటిది దాటిపోయింది. అందుకే రెండోదాన్ని గుద్దాను.

రాత్రి తొమ్మిది దాటింది. అడవి మధ్య రోడ్డు, ఎదురుగా బండ్లు లేవు. పక్క సీట్లో మా బావమరిది సీటు బాగా వెనక్కి వాల్చుకుని నిద్రపోతున్నాడు. హెడ్‌లైట్ వెలుగు అంచున ఎడమవైపు పొదల్లోంచి ఆడ కణుజు ఒకటి రోడ్డెక్కింది. కణుజంటే కొన్నిచోట్ల కణితి అంటారు, సాంబర్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. బ్రేకు తొక్కాను. అది తొందరేమీ లేకుండా అవతలికి దాటింది. హమ్మయ్య అనుకుని కాలు బ్రేకు మీంచి తీసి యాక్సిలరేటర్ మీద పెట్టాను. బండి మళ్లీ అరవైకి చేరిందో లేదో, అదే పొదల్లోంచి మగది బయటికొచ్చింది.

దాని కళ్లు చూశాను. ఆకుపచ్చగా రెండు చుక్కలు. ఆ తర్వాత మెడ, దాని మీద తడి జూలు. ఆ పైన ఇంకేదీ చూసే వ్యవధి లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కాలు బ్రేకు మీదికి మళ్లేలోపే ఉన్న దూరం అయిపోయింది. స్టీరింగ్ మాత్రం తిప్పలేదు. అది తెలివితో చేసిన పని అని చెప్పను, చేతులు బిగుసుకుపోయాయి, అంతే. కానీ ఆ రోడ్డు పక్కన లోతైన గుంట, దాని వెనక పెద్ద చెట్లు ఉన్నాయి. తిప్పి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కానేమో.

ఎదిగిన మగ కణుజు 300 కిలోలు దాటొచ్చు. ఆ బరువంతా పొడవాటి కాళ్ల మీద ఎత్తులో ఉంటుంది. బంపర్ తగిలేది ఆ కాళ్లకే. కాళ్లు విరిగి, పైనున్న ఒళ్లంతా బానెట్ మీదుగా దొర్లి అద్దం మీదికి వస్తుంది. మాకూ అదే జరిగింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. గోడనో లారీనో గుద్దినప్పుడు బండి ఒక్కసారిగా ఆగినట్టు ఇక్కడ ఆగదు కాబట్టి, సెన్సర్లకు అది పెద్ద దెబ్బగా అనిపించకపోవచ్చని తర్వాత తెలిసింది. ముందు అద్దం పగిలి ముక్కలై రాలలేదు. రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కదా, అది సాగి నా ముఖానికి జానెడు దూరం దాకా గుంటపడి ఆగింది. పగుళ్లలో బిరుసైన గోధుమరంగు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. బండి నిండా తడిసిన జంతువు వాసన.

"బావా, ఏమైంది?" అన్నాడు వాడు లేచి.

"ఏం కాలేదు. నీకేమైనా తగిలిందా?"

"ఏం కాలేదు బావా."

ఇద్దరం నిజమనుకునే అన్నాం. ఆ మాట ఎంత తప్పో పూర్తిగా తెలియడానికి నెలన్నర పట్టింది.

ఇంజన్ ఆగిపోయింది. రేడియేటర్ పగిలి పచ్చని నీళ్లు రోడ్డు మీద పారుతున్నాయి. అన్ని ఇండికేటర్లూ ఒకేసారి వెలిగే లైట్లు వేసి కిందికి దిగాను. కణుజు పది అడుగుల దూరంలో పడి ఉంది. బతికే ఉంది. ముందు కాళ్లు రెండూ విరిగాయి, వెనక కాళ్లతో లేవబోయి మళ్లీ మళ్లీ పడిపోతోంది. దాని ఊపిరి చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మావాడు నీళ్ల సీసా పట్టుకుని దాని దగ్గరికి వెళ్లబోయాడు, పాపం. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. భయంతో, నొప్పితో ఉన్న జంతువుకి మనం సాయానికొచ్చామని తెలియదు. ఒక్కసారి కొమ్ములు విదిలించినా, వెనక కాలితో తన్నినా మన ప్రాణం పోవచ్చు. రోడ్డు మధ్య నిలబడి ఉంటే వెనకొచ్చే బండి కొట్టే ప్రమాదం అంతకన్నా ఎక్కువ. ఇద్దరం రోడ్డు దిగి, బండికి దూరంగా నిలబడి పోలీసులకీ అటవీ సిబ్బందికీ ఫోన్ చేశాం. వాళ్లు వచ్చేసరికి అది చనిపోయింది. అంతసేపూ దాన్నే చూస్తూ నిలబడ్డాం. చేయగలిగింది ఇంకేమీ లేకపోయింది.

ఆస్పత్రికి వెళ్లాలన్న ఆలోచన నాది కాదు. అటవీ సిబ్బందిలో ఒక పెద్దాయన పట్టుబట్టి పంపారు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. దారిలో మావాడు ఎడమ భుజం నొప్పి అన్నాడు. బెల్టు ఒరుసుకుని ఉంటుందిలే అన్నాను, ఎందుకంటే బెల్టు ఆ భుజం మీంచే వస్తుంది. డాక్టరు గారు భుజం కదిపి చూశారు. ఎటు తిప్పినా నొప్పి పెరగలేదు. వెంటనే చొక్కా ఎత్తమన్నారు. పొట్ట మీద అడ్డంగా, పట్టీ వెడల్పున, ఎర్రగా కమిలిన చార.

స్కాన్‌లో స్ప్లీన్‌కి, అంటే పొట్టలో ఎడమవైపు పైన ఉండే ప్లీహానికి, చిన్న చిరుగు, లోపల కొద్దిగా రక్తం. ఆ రక్తం డయాఫ్రమ్‌కి, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరకి, తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుందట. నొప్పి ఒకచోట, దెబ్బ ఇంకోచోట. సీటు వాల్చుకుని పడుకోవడం వల్లే ఇలా అయిందని ఆయన బొమ్మ గీసి చూపించారు. నిటారుగా కూర్చుంటే కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉంటుంది, దెబ్బను ఎముక కాసుకుంటుంది. వాలి ఉంటే ఒళ్లు పట్టీ కిందకి జారుతుంది, పట్టీ మెత్తటి పొట్టలోకి దిగుతుంది. ఆపరేషన్ అవసరం రాలేదు. కొన్ని రోజులు మంచం దిగకుండా ఉంచి, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు చేసి పంపారు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి పడుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోను. మా ఆవిడ ముఖం చూసే ధైర్యం రెండు రోజుల దాకా రాలేదు నాకు.

బండి సంగతి తొందరగా చెప్పేస్తాను. బండిని కదిలించకముందే ఫొటోలు తీయడం, ఆ వెంట్రుకలు, రక్తం కనబడేలా తీయడం బాగా పనికొచ్చింది. పోలీసు నమోదు కాగితం, అవి చూపించాక ఇన్సూరెన్స్ సర్వేయర్ ఎక్కువ అడగలేదు. అవతలివాళ్ల నష్టానికే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మన బండికి రూపాయి రాదు, నాది పూర్తి పాలసీ. రిపేరై వచ్చాక స్టీరింగ్ ఒకవైపు లాగుతోందని తిరిగి పంపితే, లోపల ఫ్రేము వంగి ఉందని అప్పుడు బయటపడింది. బండికీ అంతే, "ఏం కాలేదు" అనిపించుకున్నచోటే దెబ్బ ఉంది.

ఇక నాకు తగిలినవి. తలంటుకున్నప్పుడల్లా, మూడో వారం దాకా, జుట్టులోంచి ఇసుకంత గాజు రవ్వలు వేళ్లకు తగిలేవి. ఒకటి నుదుటి చర్మం కింద ఉండిపోయి, మొటిమలా లేచి, తనంతట తానే బయటికొచ్చింది. అది చిన్న విషయం. పెద్దది నిద్ర. కళ్లు మూసుకుంటే ఆ ఆకుపచ్చ చుక్కలు. పగలు కూడా రోడ్డు పక్క చెట్టు నీడ కదిలితే కాలు బిగుసుకునేది, నేను నడపకపోయినా.

ఆ రోజుల్లో రాత్రంతా ఇలాంటి ప్రమాదాల గురించే చదువుతూ కూర్చునేవాణ్ణి. స్వీడన్‌లో మాగ్నస్ గెన్స్ అనే ఇంజనీరు 2001లో మూస్ అనే పెద్ద జింకకు రబ్బరు పలకలతో నకిలీ దేహం తయారుచేసి, కార్లతో గుద్దించి పరీక్షించాడు. అద్దం, పైకప్పు ఎంత గట్టిగా ఉండాలో తెలుసుకోవడానికి. 2022లో ఆయనకు ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు, జనాన్ని ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చేది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎక్కడో ఒక మనిషి నా ముఖానికి జానెడు దూరంలో ఆగిన ఆ అద్దం గురించి అంత శ్రద్ధగా ఆలోచించాడు కదా అని కళ్లు చెమర్చాయి.

నెల దాటినా తగ్గకపోతే కౌన్సెలింగ్‌కి వెళ్లాను. జరిగింది మొదటి నుంచి చివరిదాకా, కళ్లు మూసుకుని, వరసగా చెప్పమనేవారు అక్కడి కౌన్సెలర్. ప్రతి వారం మళ్లీ. గొంతు ఆగిపోయేది గుద్దిన చోట అనుకున్నాను. కాదు. కాలు బ్రేకు మీంచి తీసే చోట. నేను హమ్మయ్య అనుకున్నచోట. దాన్ని నేనే చంపానన్న బరువు అక్కడ కూర్చుని ఉంది. ఆ మాట నోటితో అన్నరోజు చాలాసేపు ఏడ్చాను. ఆ రాత్రి ఐదు గంటలు నిద్రపోయాను.

తర్వాత చీకటి పడే వేళ పది నిమిషాలు, ఆ పై వారం ఇరవై, అలా మళ్లీ నడపడం మొదలుపెట్టాను. పక్కన మావాడే కూర్చునేవాడు, సీటు నిటారుగా పెట్టుకుని. అడవి దారిలో ఎదురు బండి లేనప్పుడు హై బీమ్ వేస్తాను, నలభై దాటను. కణుజులు, దుప్పులు ఎక్కువగా తిరిగేది పొద్దు వాలాక, తెల్లవారుజామున. ఒకటి కనబడిందంటే వెనక ఇంకోటి ఉందనే లెక్క.

మొన్న అదే వేళప్పుడు ఒక దుప్పి మా ముందు నుంచి దాటింది. పూర్తిగా ఆపేసి లైట్లు తగ్గించాను. వెనక బండివాడు హారన్ కొట్టాడు.

"వెళ్దామా బావా?"

"ఉండు."

పొదల వైపు చూస్తూ కూర్చున్నాం. ఆకులు కూడా కదల్లేదు. కాలు బ్రేకు మీదే ఉంచి ఇంకాసేపు ఆగాను.