చెషైర్ ప్రదర్శన ఫలకం రాసిన పద్ధతి: నా అనుభవం

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు 617 స్క్వాడ్రన్‌ని 1943 నవంబరు నుంచి 1944 జూలై దాకా నడిపిన లెనార్డ్ చెషైర్ మీద తెలుగులో ఒక ప్రదర్శన ఫలకం రాశాను. మొదటి చిత్తుప్రతి నిండా పతకాలే. బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఎందుకిచ్చారో మాత్రం అందులో తెలియదు. దాన్ని పక్కనపెట్టి ఒక్క రాత్రితో మొదలుపెట్టాను.

1943 డిసెంబరు 16-17, ఫ్రాన్స్‌లో ఆబ్‌విల్ దగ్గరి వి-1 (జర్మన్ల ఎగిరే బాంబు) స్థావరం. లాంకాస్టర్ బాంబర్లు వేసిన బాంబులు మార్కర్‌కి (లక్ష్యాన్ని చూపడానికి ముందుగా వేసే వెలుగు గుర్తుకి) సగటున 94 గజాల్లో పడ్డాయి. చీకట్లో, అంత ఎత్తు నుంచి, గొప్ప గురి. కానీ రేడియో ఆధారంతో వేరే విమానం పైనుంచి వేసిన ఆ మార్కరే లక్ష్యానికి 350 గజాల అవతల పడింది. స్థావరం చెక్కుచెదరలేదు. ఇది బొమ్మగా గీస్తేనే బుర్రకెక్కుతుంది. సెంటీమీటరుకి 50 గజాల లెక్కన లక్ష్యానికో చుక్క, 7 సెం.మీ. దూరంలో మార్కర్, దాని చుట్టూ 1.9 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయండి. వృత్తం చుక్క దరిదాపుల్లోకి కూడా రాదు.

చెషైర్ గొప్పతనం ఈ ఖాళీలోనే ఉంది. మార్కర్ వేసే పని స్క్వాడ్రనే చేయాలని, అదీ బాగా కిందికి దిగి చేయాలని పట్టుబట్టాడు. ముందు తనే దిగాడు. 1944 ఫిబ్రవరి 8-9న లిమోజ్‌లో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ మీదుగా మూడుసార్లు తక్కువ ఎత్తులో ఎగిరాడు, లోపలి ఫ్రెంచి కార్మికులు బయటపడాలని. ఆ తర్వాతే నిప్పుబాంబులతో గుర్తుపెట్టాడు. లాంకాస్టర్ పెద్దది, డైవ్ (నిటారుగా కిందికి దూకడం) నుంచి లేపడం కష్టం. అందుకే ఏప్రిల్‌లో మస్కిటో, జూన్‌లో మస్టాంగ్ అనే చిన్న, వేగమైన విమానాలు తీసుకున్నాడు. మ్యూనిక్ మీద 700 అడుగులకు దిగాడు.

వివరాలకు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరుస (స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు) చూడాలి. ఫారం 540లో సారాంశం, 541లో విమానం వారీగా సిబ్బంది, వేళలు ఉంటాయి. దాడి అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి ఒకే తేదీ వేస్తే ఒక దాడి రెండుగా లెక్కకొస్తుంది. రెండు తేదీలూ వేయండి.

ఇదే స్క్వాడ్రన్ 1943 మేలో జర్మనీ ఆనకట్టల మీద చేసిన దాడిని ఈయనకు అంటగట్టకండి, అది అప్పటి నాయకుడు గిబ్సన్ నాయకత్వంలో జరిగింది. డైవ్ మార్కింగ్‌లో అదే స్క్వాడ్రన్ పైలట్ మిక్ మార్టిన్ వాటా ఉంది, ఆ పేరు వదిలేయడం అన్యాయం. ఫొటో కింద 'వింగ్ కమాండర్' అనే రాశాను. అప్పటికే అంతకన్నా పై హోదాలో గ్రూప్ కెప్టెన్ అయినా, మళ్లీ యుద్ధానికి ఎగరడం కోసం చెషైర్ కోరి దిగిన హోదా అది.