జాడీకి నిచ్చెన వేసిన తాతయ్య: ఫొటో ఎంతవరకు వచ్చిందంటే

ఎనిమిది అడుగుల ఆవకాయ జాడీ, దానికి ఆనించిన నిచ్చెన, మూడో మెట్టు మీద పంచె ఎగ్గట్టి నిలబడి గరిటెతో లోపల్నుంచి ముక్కలు తీస్తున్న తాతయ్య. నాకు కావాల్సిన ఫొటో ఇదే. నిజానికి జాడీ ఇంట్లోని చిన్నదే, దాన్నీ తాతయ్యనీ విడివిడిగా తీసి ఒకే ఫొటోగా కలపాలి. చూసినవాళ్లు ముందు ఒక్క క్షణం నమ్మాలి, ఆ తర్వాత నవ్వాలి. నమ్మకం కుదరకపోతే నవ్వు రాదు, అందుకే మూడు వారాలుగా ఈ ఒక్క ఫొటో మీదే కూర్చున్నాను.

ఇలాంటివి కొత్తేం కాదు. 1908 ప్రాంతంలోనే అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని ఒటావా ఊళ్లో, విలియం మార్టిన్ అనే ఫొటోగ్రాఫర్ ఒక్క మొక్కజొన్న పొత్తుతోనే బండి నిండిపోయినట్టుండే సరదా పోస్టుకార్డులు చేసి అమ్మాడు. ఫొటోలు కత్తిరించి, అతికించి, దాన్ని మళ్లీ ఫొటో తీయడమే పద్ధతి. నా దగ్గర కత్తెర బదులు జింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, ఈ పనికి ధారాళంగా సరిపోతుంది.

మొదటి వారం మొత్తం ఒక్క తప్పుకే పోయింది. జాడీని సాయంత్రం ఐదింటికి తీశాను, ఎండ ఎడమవైపు నుంచి పడుతోంది. తాతయ్యని మర్నాడు పొద్దున పదింటికి తీశాను, ఎండ కుడివైపు. రెండూ కలిపితే నీడలు ఎదురెదురుగా పడ్డాయి. తాతయ్య ఉన్న లేయర్‌ని, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొరల్లో ఆయన ఉన్నదాన్ని, అద్దంలోలా ఎడమ కుడి తిరగేసి ఫ్లిప్ చేసేస్తే వెలుతురు కలిసిపోయింది, హమ్మయ్య అనుకుని తీసుకెళ్లి చూపించాను. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరికి తెచ్చుకుని, “మీ తాతయ్యేంట్రా, ఎడంచేత్తో ఊరగాయ తీస్తున్నారు?” అంది. నిజమే, చొక్కా జేబు కూడా కుడివైపుకి వెళ్లిపోయింది. ఫ్లిప్ చేశాక చేతులు, జేబులు, గుండీలు, బట్టల మీద అక్షరాలు తప్పకుండా చూసుకోవాలి. నేనైతే మళ్లీ సాయంత్రం ఐదింటికే తీశాను.

రెండోసారి లెక్క వేసుకుని తీశాను, ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. జాడీ ఎత్తు ఒక అడుగు, కనిపించాల్సింది ఎనిమిది అడుగులు, అంటే ఎనిమిది రెట్లు. జాడీకి ఫోన్‌ని రెండడుగుల దూరంలో, నేల నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో పెట్టాను కాబట్టి తాతయ్యకి పదహారు అడుగుల దూరంలో, ముప్పై రెండు అంగుళాల ఎత్తులో పెట్టాలి. రెండుసార్లూ అదే లెన్సు, జూమ్ ముట్టుకోకూడదు. ఈ కొలత పాటించాక పాదాలు, నిచ్చెన కాళ్లు జాడీ ఉన్న నేల మీదే ఆనినట్టు కూర్చున్నాయి. జాడీకి మరీ దగ్గరగా వెళ్లి తీస్తే వెనకాల మసకబారిపోతుంది, దాంతో అది చిన్న వస్తువని కన్ను ఇట్టే పట్టేస్తుంది.

తాతయ్యకి డెబ్భై రెండేళ్లు, అందుకని తమ్ముడు నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు. ఫొటోలో వాడు కనిపించకూడదు కదా, ట్రైపాడ్ కదపకుండా తాతయ్య దిగాక ఖాళీ నిచ్చెనని ఇంకో ఫొటో తీశాను. తమ్ముడి చేతులున్న చోట దాన్ని కింద పెట్టి, పైనున్న లేయర్‌కి మాస్క్ (చెరపకుండానే కొంత భాగాన్ని దాచే తెర) వేసి నల్ల బ్రష్‌తో రుద్దితే వాడు మాయం. ఎరేజర్ వాడొద్దు, మాస్క్ అయితే తెల్ల బ్రష్‌తో మళ్లీ తెచ్చుకోవచ్చు. ఫైలు జింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌గానే దాచుకోండి, జేపెగ్‌లో లేయర్లు మిగలవు.

ఇప్పుడు నీడల దగ్గర ఉన్నాను. నిచ్చెన కాళ్ల కింద సన్నగా, బాగా ముదురుగా ఒకటి, నేల మీద పొడుగ్గా పడేది ఇంకొకటి, రెండూ వేరే లేయర్లలో, కింద ఉన్నదాన్ని ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టాను. రంగు అచ్చ నలుపు కాదు, జాడీ అసలు నీడలోంచే తీసుకున్నాను, ఎర్రమట్టి నేల కాబట్టి అది కాస్త గోధుమరంగులో ఉంది. పొడుగు నీడని కొసకి వెళ్లేకొద్దీ ఎక్కువ బ్లర్ చేశాను. తాతయ్య జాడీ కంటే మరీ స్ఫుటంగా కనిపించాడు, గాసియన్ బ్లర్ అనే మసకబరిచే ఫిల్టర్‌ని అర పిక్సెల్ వేస్తే సరిపోయింది.

మిగిలింది జాడీ మెరుపు. పింగాణీ నున్నగా ఉంటుంది, నిచ్చెన ఆనిందంటే దాని ప్రతిబింబం లీలగానైనా కనపడాలి. ఎలా వంగి కనపడుతుందో ఊహించి గీస్తే రెండుసార్లూ అతికించినట్టే వచ్చింది. అందుకే చీపురు పుల్లలకి దారం కట్టి చిన్న నిచ్చెన చేశాను, రేపు సాయంత్రం దాన్ని జాడీకి ఆనించి అదే చోటు నుంచి తీస్తే అసలు ప్రతిబింబం, అసలు నీడ రెండూ దొరుకుతాయి. ఆదివారం అమ్మమ్మ కొత్త ఆవకాయ కలుపుతుంది, జాడీ అప్పటిదాకే నా దగ్గరుంటుంది.