బెంగళూరులో బెల్లీ డాన్స్ బతుకుదెరువు

మదనపల్లె నుంచి బెంగళూరుకు ఉద్యోగాల కోసం వచ్చిన వేలాది తెలుగువారిలో నేనూ ఒకతెను. మారతహళ్లిలో పీజీలో ఉంటూ కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేశాను. సాయంత్రాలు నేర్చుకున్న బెల్లీ డాన్స్‌నే, అంటే ఈజిప్టు వంటి అరబ్బు దేశాల్లో తుంటి, పొట్ట కదలికలతో సాగే నాట్యాన్నే, ఆ తరువాత వృత్తిగా తీసుకున్నాను. ఊరికి వెళ్లినప్పుడల్లా మనవాళ్లు ఈ పనిలో ఎంత వస్తుందని, ఎవరి ముందు ఆడతావని అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే ముందు నేను సంగీతం గురించి చెబుతాను, ఎందుకంటే ఈ నాట్యం నేర్చుకోవడంలో ఎక్కువ కాలం పట్టేది నడుము కదపడానికి కాదు, వినడానికి.

చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. అరమండిలో మోకాళ్లు పక్కలకు విచ్చుకుంటాయి, పాదం నేలను తట్టి తాళాన్ని పలికిస్తుంది. బెల్లీ డాన్స్‌లో పాదాలు సమాంతరంగా ఉంటాయి, మోకాళ్లు సడలి ఉంటాయి, భుజాలూ ఛాతీ నిలకడగా ఉండగా తుంటి ఒక్కటే లేచి దిగాలి. పొట్ట లోపలి కండరాలు, పక్కటెముకల కింది కండరాలు గట్టిపడితే తప్ప ఈ విభజన కుదరదు. దర్బుకా అనే అరబ్బు డోలు మీద మధ్యలో పడే బరువైన దెబ్బను దుమ్ అనీ, అంచు మీద పడే పదునైన దెబ్బను తక్ అనీ పలుకుతారు. ఈజిప్టు పాటల్లో తరచుగా వినిపించే మఖ్సూమ్ అనే తాళం నడక దుమ్ తక్, తక్ దుమ్, తక్ అని సాగుతుంది. అందులో రెండో దెబ్బ తక్ బదులు దుమ్ అయితే అది బలదీ అనే తాళం అవుతుంది; మధ్యలో రెండు దుమ్‌లు వెంట వెంటనే వస్తే సయీదీ అనే తాళం. ఒక్క దెబ్బ మారగానే ఒంట్లో బరువు మారాలి, లేకపోతే ఎంత అందంగా కదిలినా అది పాటకు అతికించిన కదలికగానే మిగులుతుంది. ఇక ఒకే వాద్యం అప్పటికప్పుడు రాగాన్ని అల్లుకుంటూ పోయే తక్సీమ్‌లో తాళం పక్కకు తప్పుకుంటుంది. ఊద్ అనే తీగల వాద్యం గాని నాయ్ అనే వేణువు గాని ఒంటరిగా రాగం పాడుతుంటే, ముందుగా కూర్చుకున్న అడుగులేవీ లేకుండా నర్తకి ఆ స్వరాన్ని వెంటాడాలి. కర్ణాటక సంగీతంలో ఆలాపన వింటూ పెరిగిన తెలుగు పిల్లలకు ఇది చాలామంది అనుకునేదానికంటే దగ్గరి విద్య అని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు వేదిక మీద మనం చూసే రూపం మరీ పాతదేమీ కాదు. 1926లో నర్తకి బదియా మసబ్ని ఈజిప్టు రాజధాని కైరోలో తెరిచిన సంగీతశాల వంటి చోట్ల, ఇళ్లలోనూ పెళ్లిళ్లలోనూ కొద్దిపాటి జాగాలో సాగే నాట్యం పెద్ద వేదికకు తగినట్టు విస్తరించింది. చేతులు పైకి లేచాయి, అడుగులు వేదికంతా తిరగడం మొదలుపెట్టాయి, వెనుక వాద్యబృందం పెరిగింది. పేరున్న నర్తకులు తహియా కరియోకా, సామియా గమాల్ అక్కడి నుంచి సినిమాలకు వెళ్లినవారే. ఈ తేడా నాకు చరిత్ర పాఠం కాదు, రోజువారీ పని. వైట్‌ఫీల్డ్‌లో కన్వెన్షన్ హాలు వేదిక మీద ఆడేటప్పుడు బదియా కాలం నాటి ఆ విస్తారం కావాలి. అరబ్బు వంటకాలు వడ్డించే రెస్టారెంట్లలో బల్లల మధ్య ఆడేటప్పుడు రెండడుగుల చోటులో సరిపెట్టుకునే పాత పద్ధతే పనికొస్తుంది.

సంపాదన విషయానికి వస్తే, పెళ్లిళ్ల సంగీత్ కార్యక్రమాలు, కంపెనీల వార్షికోత్సవాలు, రెస్టారెంట్లలో వారాంతపు ప్రదర్శనలు, తరగతులు అన్న నాలుగూ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. ప్రదర్శన ఇరవై నిమిషాలే కావచ్చు, కాని దాని వెనుక రోజూ సాధన, మేకప్, ప్రయాణం, రాత్రి ఆలస్యంగా తిరిగి రావడానికి నమ్మకమైన కారు ఉంటాయి. కైరోలోనో ఇస్తాంబుల్‌లోనో కుట్టిన దుస్తులకు పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. ఊడిపోయిన పూసలూ చమ్కీలూ చిక్కపేటలో కొని నేనే కుట్టుకుంటాను. కంపెనీలు టీడీఎస్ కోసుకుని ఇస్తాయి, రాబడి ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పదు. బార్లలోనూ రెస్టారెంట్లలోనూ ఆడేవారికి మరో చిక్కు ఉంది. బెంగళూరులో లైవ్ బ్యాండ్‌లు, క్యాబరేలు నడిపే చోట్లకు లైసెన్సు ఉండాలని చెప్పే 2005 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. లైసెన్సు తీసుకోవలసింది యజమానే అయినా, సోదా జరిగిన రాత్రి అందరి ఎదుట నిలబడేది నర్తకి. అందుకే కాగితాలు చూపించని చోట నేను ఆడను.

నన్ను అన్నిటికంటే బాధించేది మాత్రం వేరు. పెళ్లి నిర్వాహకులు ఫోన్ చేసి, 'మేడమ్, మీ దగ్గర రష్యన్ అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా?' అని అడుగుతారు. ఒకసారి ఒక నిర్వాహకుడు అదే వేదిక మీద, అదే నిడివికి, తెల్లని అమ్మాయికి ఇచ్చినదానిలో సగం కూడా నాకు ఇవ్వనన్నాడు. ఈజిప్టు ప్రభుత్వం 2003లో విదేశీ నర్తకులకు అనుమతులు ఆపి, మరుసటి ఏడాదే ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. తమ నర్తకుల పని పోకూడదన్నది అక్కడి ఆందోళన. ఇక్కడ మన ఆడపిల్ల నేర్చుకున్న విద్యకు ఒంటి రంగును బట్టి ధర కడుతున్నారు. విదేశాల నుంచి వచ్చిన ఆ అమ్మాయిల మీద నాకు కోపం లేదు. వారూ కుటుంబాలను వదిలి, భాష తెలియని ఊళ్లో, ఏజెంట్ చెప్పిన ధరకు పనిచేస్తున్నవారే.

ఇంట్లో వచ్చిన ప్రశ్న ఇంకొకటి. 'జాతరలో రికార్డింగ్ డాన్సులకూ దీనికీ తేడా ఏముందమ్మా?' అని మా చిన్నాయన అడిగారు. తేడాలు చాలానే చెప్పవచ్చు, కాని రికార్డింగ్ డాన్స్ ఆడే ఆడవారిని తక్కువ చేసి నన్ను నేను ఎక్కువ చేసుకునే జవాబు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. 1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ కైరోలో బహిరంగంగా నాట్యమాడే స్త్రీలను ఎగువ ఈజిప్టుకు వెళ్లగొట్టాడు; మన దగ్గర కళావంతులు తమ నాట్యాన్ని వదులుకోవలసి వచ్చిన తీరు తెలుగువారికి తెలియనిది కాదు. ఆడవారి నాట్యాన్ని చూసి ఆనందించి, ఆ తరువాత ఆడినవారినే నిందించడం ఒక్క దేశానికి పరిమితమైన అలవాటు కాదని చిన్నాయనకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు గాని, మా పిన్నిని వెంటబెట్టుకుని వచ్చి ఒక తరగతి మొత్తం కూర్చుని చూశారు.

ఆ తరగతులే ఇప్పుడు నా రాబడిలో పెద్ద భాగం. బెళ్లందూరు, మహదేవపుర వైపు నుంచి వచ్చేవారిలో తెలుగువారు ఎక్కువ. రోజంతా కుర్చీలో కూర్చుని నడుము పట్టేసిన ఉద్యోగినులు, కాన్పు తరువాత డాక్టరు అనుమతితో వచ్చిన తల్లులు, చిన్నప్పుడు నాట్యం మధ్యలో ఆపేసినవారు అందులో ఉంటారు. వచ్చిన కొత్తలో అందరూ షిమ్మీ, అంటే తుంటినో భుజాలనో వేగంగా వణికించే కదలిక, నేర్పమంటారు. నేను మాత్రం కూర్చోబెట్టి మఖ్సూమ్‌నూ బలదీనీ చప్పట్లతో వేరు చేయిస్తాను, అది వచ్చాకే నిలబెడతాను. కొందరు విసుగొచ్చి మానేస్తారు. ఉండిపోయినవారిలో చిత్తూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మృదంగం నేర్చుకున్నది. దర్బుకా కొనుక్కుని ఇప్పుడు ఆదివారాలు నాతో సాధన చేస్తోంది. రికార్డు పాటకు బదులు ఆమె వాయిస్తుండగా ఆడే డ్రమ్ సోలోను రాబోయే పెళ్లిళ్ల కాలానికి సిద్ధం చేస్తున్నాం. ఇద్దరికీ చెరిసగం పారితోషికం అని రాసుకున్నాం, ఆ ధరకు తగ్గితే వెళ్లకూడదని కూడా అనుకున్నాం. సర్జాపుర రోడ్డులో ఉండే ఒక తెలుగు కుటుంబం తమ అమ్మాయి సంగీత్‌కు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చింది.