పవర్ ప్లాంట్ 71 దగ్గరే ఆగిపోయింది

నిన్న రాత్రి రెండున్నరకి గంగిరెద్దు రెండు నక్షత్రాల మధ్య ఇరుక్కుని ఉడికిపోయింది. గంగిరెద్దు అంటే నా ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్ ఓడ. ఎలీట్ డేంజరస్ అనే అంతరిక్ష ఆటలో, కలోనియా అనే దూరపు జనావాసం నుంచి గెలాక్సీ నడిమధ్యలోని కృష్ణబిలం సాజిటేరియస్ ఏ స్టార్ వైపు ఒంటరి ప్రయాణం, సుమారు 11,000 కాంతి సంవత్సరాలు. ఓడ బతికే ఉంది. సర్వే డేటా అంతా కడుపులో భద్రంగా ఉంది. కానీ ఓడకి కరెంటు ఇచ్చే పవర్ ప్లాంట్ 71 శాతమే మిగిలింది. మూడు గంటలు తన్నుకున్నా ఆ అంకె ఒక్క గీత కదల్లేదు.

పోయిన వారం ఇదే ఓడ గురించి ఒక తమ్ముడితో వాదించాను. "అన్నా, రిపేరు సామాను మోసుకెళ్లడం దండగ. 2019లో ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్ కట్టాక గెలాక్సీ నడిమధ్యలోనే స్టేషన్ ఉందిగా" అన్నాడు. నేనేమో ఏఎఫ్‌ఎంయూ (ఓడ భాగాలను దారిలోనే బాగుచేసే యంత్రం) ఉంటే చాలు, దేనికీ భయం లేదన్నాను. ఇద్దరమూ తప్పే.

న్యూట్రాన్ నక్షత్రాల మీదుగా వెళ్లే దారి బాగా సాగింది. నా ఓడ మామూలు దూకుడు 61 కాంతి సంవత్సరాలు, న్యూట్రాన్ నక్షత్రం చిమ్మే కోన్‌లో ఛార్జ్ చేస్తే నాలుగింతలు. ఒక్కో ఛార్జికి ఎఫ్‌ఎస్‌డీ (నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకించే ఇంజను) 1 శాతం అరుగుతుంది. 88కి దిగినప్పుడల్లా ఏఎఫ్‌ఎంయూతో మళ్లీ 100కి ఎక్కించాను. రెండుసార్లు. ఇందులో చెప్పుకోవడానికేమీ లేదు.

ఇక అసలు సంగతి. న్యూట్రాన్ దగ్గర స్కూప్ చేయడం, అంటే నక్షత్రం నుంచి ఇంధనం తోడుకోవడం కుదరదు కదా, ఇంధనం కోసం దారి తప్పి ఒక కే తరగతి నక్షత్రం దగ్గర దిగాను. దిగీ దిగగానే ఎదురుగా మరో నక్షత్రం, దాదాపు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు. మ్యాప్‌లో రెండు నక్షత్రాలని చూపించింది, ఇంత దగ్గరని నేను చూసుకోలేదు. తిప్పబోయి రెండోదాని హద్దులోకి వెళ్లాను. ఎమర్జెన్సీ డ్రాప్, అంటే ఓడ వేగం తెగి అక్కడే ఆగిపోయింది. ఎఫ్‌ఎస్‌డీ చల్లారేదాకా ఎదురుచూడాలి, ఈలోపు వేడి 90, 112, 140 శాతం. వేడిని బయటికి పారేసే హీట్ సింక్‌లు మూడే. మొదటిది 112 దగ్గర వదిలాను, రెండోది 150 దగ్గర. మూడోది ఎఫ్‌ఎస్‌డీ ఛార్జింగ్ మొదలవగానే వదిలేశాను. అదే తప్పు. ఛార్జింగ్ చివర్లో వేడి ఇంకా ఎక్కింది, నేను చూసిన గరిష్ఠం 187.

బయటపడ్డాక రాసుకున్న లెక్క, శాతాల్లో: హల్ (ఓడ పైతొడుగు) 94, ఎఫ్‌ఎస్‌డీ 64, సెన్సార్లు 58, లైఫ్ సపోర్ట్ 82, థ్రస్టర్లు 73, ఏఎఫ్‌ఎంయూ 77, పవర్ ప్లాంట్ 71.

ఏఎఫ్‌ఎంయూ వేసి టీ పెట్టుకుని వచ్చేసరికి ఎఫ్‌ఎస్‌డీ, థ్రస్టర్లు, సెన్సార్లు, లైఫ్ సపోర్ట్ అన్నీ నూటికి చేరాయి. పవర్ ప్లాంట్ కోసం జాబితాలో వెతికితే రిపేరు బటనే లేదు. రెండుసార్లు ప్యానెల్ మూసి తెరిచాను, ఆట ఆపి మళ్లీ పెట్టాను. లేదు. అప్పుడు గుర్తొచ్చింది: రిపేరు జరిగేంతసేపు ఆ మాడ్యూల్ ఆగి ఉండాలి. ఎఫ్‌ఎస్‌డీని ఆపొచ్చు, సెన్సార్లను ఆపొచ్చు, పవర్ ప్లాంట్‌ని ఆపలేం. మరి ఏఎఫ్‌ఎంయూకి కరెంటు ఇచ్చేది అదే కదా. ఏఎఫ్‌ఎంయూ తన్ను తాను బాగుచేసుకోలేదు కాబట్టి అదీ 77 దగ్గరే ఉండిపోయింది. వైద్యుడికి జ్వరం వస్తే మందిచ్చేవాడు లేడు.

తర్వాత రీబూట్-రిపేర్ ప్రయత్నించాను. అన్నీ ఆరిపోయి, చీకట్లో తేలుతూ, మళ్లీ వెలిగాయి. పవర్ ప్లాంట్ 71. అది సున్నాకి పడిన మాడ్యూళ్లనే పైకి లేపుతుంది, అదీ పక్కవాటి నుంచి కోసి ఇస్తుంది. 71లో ఉన్నదాన్ని పట్టించుకోదు. పవర్ ప్లాంట్‌ని కావాలని సున్నాకి దించి చూద్దామన్న దిక్కుమాలిన ఆలోచన కూడా ఒక క్షణం వచ్చింది. రాత్రి మూడు దాటాక ఇలాంటివే వస్తాయి.

రిపేర్ లింపెట్లు (రిపేరు చేసే చిన్న డ్రోన్లు) ఉంటేనో? ఉపయోగం లేదు, అవి హల్‌కే. హల్ సీల్స్ (దెబ్బతిన్న ఓడలకి సాయం చేసే ఆటగాళ్ల బృందం) వాళ్లని పిలిచినా వాళ్ల దగ్గరున్నదీ లింపెట్లే. కాబట్టి స్టేషన్‌లో డాకింగ్ తప్ప దారి లేదు.

ఇంత దెబ్బ ఎందుకు తగిలిందన్నదానికి నా అనుమానం ఒకటే. బరువు తగ్గించాలని ఐదో సైజు పట్టే చోట 3ఏ (మూడో సైజు, ఏ రేటింగ్) ప్లాంట్ పెట్టాను, 2.5 టన్నులు. చిన్న ప్లాంట్‌కి ఒళ్లు కూడా చిన్నదే, అదే వేడికి శాతం లెక్కలో ఎక్కువ పోతుంది. 4ఏ అయితే 5 టన్నులు, 5ఏ అయితే 10. డీ రేటింగ్ ప్లాంట్ మాత్రం ఎవరు చెప్పినా పెట్టను. తేలిక పేరుతో వేడి కొనుక్కోవడం అది.

లింపెట్ల మీద కూడా నా మనసు కొంచెం మారింది. వాటి బరువు సాకు నిజం కాదు. ఖాళీ కార్గో ర్యాక్‌కి బరువు లేదు, 10 ఇనుము, 10 నికెల్ ఉంటే అక్కడికక్కడే నాలుగు లింపెట్లు తయారవుతాయి. మోసేది కంట్రోలర్‌ని మాత్రమే, 1డీ అయితే అర టన్ను. గురుత్వం ఎక్కువున్న గ్రహాల మీద దిగేవాళ్లు తీసుకెళ్లాల్సిందే, హల్ పగిలేది అక్కడే. నేను 1జీ దాటిన చోట దిగను, అందుకే నాకు ఆ స్లాట్ దండగ.

ఏఎఫ్‌ఎంయూ సంగతి వేరు. దానికీ బరువు సున్నా. వాడనప్పుడు మాడ్యూల్ ప్యానెల్‌లో ఆపేస్తే కరెంటూ తినదు. న్యూట్రాన్ దారి పట్టకపోతే అక్కర్లేదు, నెమ్మదిగా వెళ్లేవాడికి ఎఫ్‌ఎస్‌డీ అరగదు. పడితే మాత్రం రెండు పెట్టుకోవాలి, ఒకదాన్ని ఇంకోటి బాగుచేసేలా. నా దగ్గర మూడో సైజు స్లాట్ ఒకటి ఖాళీగా ఉంది. ఖాళీగా! మా ఊరి లారీల్లో స్టెప్నీ ఉండి జాకీ లేకుండా బయల్దేరేవాళ్లని చూసి నవ్వేవాణ్ణి.

ఇప్పటి పరిస్థితి: సంఘటన జరిగినప్పుడు గమ్యం 4,600 కాంతి సంవత్సరాలు. ఆ తర్వాత న్యూట్రాన్ మానేసి మామూలు దూకుళ్లతో ఈ సాయంత్రానికి 2,300కి తెచ్చాను. ప్రతి దూకుడుకి ముందు మ్యాప్‌లో జంట నక్షత్రాల దూరం చూస్తున్నాను, అందుకే నత్తనడక. విద్యుత్ ప్రాధాన్యాలు మార్చి ఎఫ్‌ఎస్‌డీ, థ్రస్టర్లు, లైఫ్ సపోర్ట్ ఒకటిలో పెట్టి, మిగతావన్నీ నాలుగుకి దించాను. ప్లాంట్ మొరాయిస్తే ముందు స్కానర్లు ఆరిపోవాలి, దూకే శక్తి కాదు. ఖర్చయిన హీట్ సింక్‌లు ముడిసరుకుతో మళ్లీ నింపుకున్నాను.

యాంకరేజ్ చేరాక మొదటి పని 4ఏ ప్లాంట్, వేడి తగ్గించే లో ఎమిషన్స్ మార్పుతో. కానీ మార్పు చేసే ఇంజనీర్ కలోనియాలోనో, బబుల్‌లోనో (మనుషులు ఎక్కువగా ఉండే ప్రధాన ప్రాంతం) ఉంటాడు, అంటే అది ఇప్పట్లో కుదిరే పని కాదు. అక్కడ ప్లాంట్ దొరుకుతుందో లేదో కూడా చూడాలి. రెండో హీట్ సింక్ లాంచర్ మాత్రం ఖాయం. రిపేరు సామాను కన్నా నాకు ముందు కావాల్సింది అదేనని ఇప్పుడు అర్థమవుతోంది. 2024 చివర్లో వచ్చిన మాండలే ఓడ వైపు చూపు వెళ్తోంది, చల్లగా ఉంటుందని అందరూ అంటున్నారు. కానీ గంగిరెద్దుని వదలబుద్ధి కావట్లేదు. గెలాక్సీ అవతలి అంచున ఉన్న బీగల్ పాయింట్ దాకా దీంతోనే వెళ్లాలని ఉంది.

ఇంకా 38 దూకుళ్లు. ఇవాళ పదకొండుకే కూర్చుంటాను.